ఇంటికి బండి: క్రొత్త డీజిలా, పాత డీజిలా?



ఇంటికి కారు కొనవలయునన్న మాట పుట్టినంతనే మగవారు నలుగురు అరుగుమీద చేరుదురు. ఇంజనుల మాట, మైలేజీ మాట, ఫలానివారి బావమరది కొన్న బండి మాట దీపాలవేళ దాక సాగుచుండును. లోపలినుండి రెండు మారులు కాఫీ పంపుట మన వంతు. బండి వచ్చిన పిమ్మట ముసలివారిని ఎక్కించి దింపుట, పిల్లల వాంతులు కడుగుట, నెలనెల వాయిదాకై పాలలెక్కలోను పచారుకొట్టు లెక్కలోను కోత వేయుట కూడ మన వంతే. తరువాత ఇంత వంతు గలవారికి కొనునప్పటి మాటలో మాత్రము వంతు లేకపోవుట వింతగదా!

ఈ శీర్షిక చదువు సోదరీమణులలో మువ్వురు, తణుకునుండి యొకరు, ముమ్మిడివరమునుండి యొకరు, రాజమహేంద్రవరమునుండి యొకరు, ఈ మధ్య ఇంచుమించుగ ఒకే ప్రశ్న వ్రాసిరి. ఇంటికి డీజిలు బండి మంచిదని పెద్దలనుచున్నారు. అప్పుచేసి క్రొత్తది కొనుట మేలా, ఉన్న డబ్బుతో పాతది కొనుట మేలా యని. మేమును ఆరు నెలల క్రిందట ఈ చిక్కులోనే చిక్కుకొని బయటపడినవారమే. కావున మేము విన్నదియు, కన్నదియు, పడినదియు ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము.

మాది కోనసీమలో అంబాజీపేట చేరువ గ్రామము. మా వారు హైస్కూలులో ఉపాధ్యాయులు. రెండేండ్ల క్రిందట మా అత్తగారికి మూత్రపిండములు చెడిపోయి, వారమునకు రెండు మారులు డయాలిసిస్ చేయింపవలసి వచ్చినది. చేరువ చోట్ల వంతు దొరకక రాజమహేంద్రవరము పోవుచున్నాము. రావులపాలెము మీదుగ పోను సుమారు 60 కిలోమీటర్లు, రాను 60. నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పడియుండి లేచిన మనిషి బస్సులో నిలువజాలదు. అద్దె కారునకు ఒక మారు పోయివచ్చుటకు 2,500 రూపాయలు. నెలకు ఎనిమిది మారులకు 20,000. జీతముమీద బ్రతుకు ఇంటిలో ఇది ఎంత కాలము సాగును?

చీటీ పాడగ వచ్చినదియు, మా పుట్టింటివారు పెట్టిన కాసులపేరు అమ్మగ వచ్చినదియు కలిపి మా చేతిలో 6 లక్షల 40 వేలు ఉండెను. మా వారికి బడిదినములలో సెలవు దొరకదు గనుక బండి నడుపుట మేమే నేర్చుకొంటిమి. నడుపువారము మేము, డబ్బు మాది. అయినను అరుగుమీది సభ మాత్రము యథాప్రకారముగ జరిగెను. ఈ మారు కాఫీ పంపి ఊరకుండక, ఆ వెంటనే మేమును గడపలో పీట వేసికొని కూర్చుంటిమి.

మొదట డీజిలు అన నేమో తెలిసికొనవలయును. అది నూనె పేరని మేము చాల కాలము అనుకొంటిమి. కాదు, మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో తన ఇంజనును సరిగా పనిచేయించి చూపెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఆ తీరు ఇంజను నొకదానిని వేరుసెనగనూనెతో నడిపి చూపిరట. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించి మంట పెట్టుదురు. డీజిలు ఇంజనులో రవ్వ యుండదు. గాలిని మిక్కిలి గట్టిగ నొక్కగ అది తానే కాగి కాలును. అందులో నూనె చల్లగనే మండును. సైకిలు పంపు కొట్టునప్పుడు దాని అడుగు వేడెక్కుట చూచినవారికి ఇది తెలియకపోదు. అంత ఒత్తిడికి ఓర్చుటకై దాని కట్టడి బలముగ నుండును, బరువుగ నుండును, ధరయు హెచ్చుగ నుండును. మన డెల్టావారికి ఇది క్రొత్త చుట్టము కాదు. బియ్యపు మిల్లులలోను, చేల గట్లమీది నీటి యంత్రములలోను, గోదావరి లాంచీలలోను ఎన్ని తరములనుండియో కొట్టుకొనిన ఇంజను ఇదియే. దాని గుణము నిలకడగ, దూరముగ, బరువు లాగుట. దాని కిట్టనిది మాటిమాటికి ఆగి, చల్లారి, మరల రగులుట. క్రొత్త పాతల తగవంతయు ఈ గుణము చుట్టే తిరుగుచున్నది.

2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట భారత్ స్టేజ్ ఆరవ మెట్టు పొగ నిబంధన వచ్చినది. దానికి ముందు నాలుగవ మెట్టు 2017 ఏప్రిలు 1నుండి దేశమంతట అమలులో నుండెను. ఐదవ మెట్టును దాటివేసి ఆరవదానికి ఎగబాకిరి. మూడవ మెట్టు డీజిలు కారు కిలోమీటరునకు 50 మిల్లీగ్రాముల మసి విడువవచ్చును. నాలుగవ మెట్టునకు అది 25, ఆరవ మెట్టునకు నాలుగున్నర. డీజిలులోని గంధకమును సైతము పదిలక్షల పాళ్లకు 50 నుండి 10కి దించిరి. ఈ మార్పునకు తగిన ఖర్చు పెట్టలేక మారుతివారు ఆ దినముతోనే డీజిలు కార్లు మానుకొనిరి. నిలిచినవారిలో టాటావారు, మహీంద్రావారు, హ్యుందాయ్‌వారు, టయోటావారు, మన పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ పెట్టిన కియావారు ముఖ్యులు.

పొగ తగ్గుట మంచిదే. ఎట్లు తగ్గినదో ఎరుగవలయును. క్రొత్త డీజిలు బండి పొగగొట్టములో ఒక మసిజల్లెడ యుండును. మెకానిక్కులు దానిని డీపీఎఫ్ అందురు. మసి దానిలో చిక్కుకొని నిలుచును. నిండిన మసిని బండి తానే కాల్చివేసికొనవలయును. మన కాఫీ ఫిల్టరు చిల్లులు పొడితో పూడిపోయినప్పుడు పొయ్యిమీద బోర్లించి కాల్చి దులుపుదుము గదా, సరిగా అదియే పని. కాని ఆ జల్లెడ కాలుటకు 600 డిగ్రీలకు దాపు వేడి కావలయును. ఆ వేడి పుట్టవలెనన్న బండి ఒక పావుగంట ఇరువది నిముషములైనను ఆగక, మంచి వేగముతో పోవలయును. కాలువగట్టు వెంబడి బడికి ఒక కోసు, గుడికి అరకోసు, సంతకు ఇంకొక కోసు పోయివచ్చు బండికి ఆ వేడి ఎన్నడు పుట్టును?

మా వీధిలోనే ఒక ఇంట ఇట్లు జరిగినది. క్రొత్త డీజిలు బండిని ముచ్చటపడి కొనిరి. ఇంటాయన కచ్చేరి రెండు కిలోమీటర్లు, ఆదివారము కోవెల. నాలుగు నెలలకు ఎదుటి పలకమీద పచ్చని దీపము వెలిగినది. దాని భావము ఎరుగక అట్లే నడిపిరి. మసి కాల్చుటకై ఇంజను అదనముగ చల్లిన డీజిలు కొంత కాలక ఇంజనునూనెలో కలిసి, నూనె మట్టము తగ్గుటకు మారుగ పెరిగినది! ఇంటావిడ మాతో, "నూనె పెరిగినది గదా యని సంతోషించితిమి వదినగారూ" అని నవ్వుచునే చెప్పినది గాని, వర్కుషాపునకు మూడు మారులు పోయిన బిల్లులు చూపునప్పుడు నవ్వలేదు. ఇందులో బండి తప్పు లేదు. ఆ ఇంటి నడకకు ఆ బండి తగదు, అంతియే. ఆ దీపము వెలిగినచో రావులపాలెము దాక పోయి హైవేమీద అరగంట నడిపి వచ్చుడని అమ్మినవాడు ఒక మాట చెప్పియుండిన సరిపోవును. జల్లెడ గల బండ్లకు తక్కువ బూడిద విడుచు ప్రత్యేకపు ఇంజనునూనెయే పోయవలయును, చౌక నూనె పోయించరాదు. కొన్ని బండ్లకు యూరియా కలిసిన ద్రవము వేరుగ పోయవలసియుండును. అది అయిపోయినచో బండి మరల స్టార్టు కాదు. మీరు చూచిన బండికి అది కలదో లేదో ముందే అడుగుడు.

ఇక లెక్క. అరుగుమీదివారు దీనిని నోటితో వేసిరి, మేము చాకలిపద్దు వెనుక కాగితముమీద వేసితిమి. మేము లెక్కించిన నాడు మా వైపు పెట్రోలు లీటరు 109 రూపాయలు, డీజిలు 97. యానాములో పన్ను తక్కువగనుక అక్కడ రెండును చౌక; అందుకని యానాము పోయి పోయించుకొందుమన్న పోనురాను నూనెకే ఆ లాభము చెల్లును. మా పయనము నెలకు 1,100 కిలోమీటర్లు. ఏడుగురు పట్టు డీజిలు బండి లీటరునకు 20 చొప్పున 55 లీటర్లు త్రాగును, అనగ 5,335 రూపాయలు. అదే పాటి పెట్రోలు బండి 14 చొప్పున 8,560 వరకు. నెలకు 3,200 పైచిలుకు మిగులు. కాని నెలకు 300 కిలోమీటర్లు మాత్రమే తిరుగు ఇంట ఈ మిగులు 880. డీజిలు బండికి కొనునప్పుడు ఇచ్చు అదనపు సొమ్మును, సర్వీసునకు అయ్యెడి అదనపు ఖర్చును ఈ 880 ఎన్ని యేండ్లకు పూడ్చును? కావున తణుకు సోదరికి మా జవాబు: మీరు వ్రాసిన ప్రకారము పిల్లల బడికి, అంగడికి తప్ప బండి కదలదు. మీకు క్రొత్త డీజిలు వలదు, పాత డీజిలును వలదు. చిన్న పెట్రోలు బండి చూచుకొనుడు. మీ మరిదిగారు ఏమనుకొన్నను సరే.

మా ఇంట తగవు మరియొక తీరుది. మా నడక దూరపు నడక. క్రొత్త డీజిలునకు జల్లెడ బాధ లేదు, హైవేమీద అది ప్రతి మారును కాలును. మా వారికి క్రొత్తదియే కొనవలయునని మనసు. "అద్దెకే నెలకు ఇరువది వేలు పోవుచున్నవి. వాయిదా, డీజిలు కలిపినను అంతకు మించదు గదా" అని వారి వాదము. తప్పులేని వాదమే. 9 లక్షలు అప్పు తెచ్చి నూటికి తొమ్మిదిన్నర వడ్డీతో ఏడేండ్లకు తీర్చునట్లైన నెలకు 14,700 చొప్పున 84 వాయిదాలు. మొత్తము 12 లక్షల 35 వేలు. వడ్డీయే 3 లక్షల 35 వేలు. వారు కాగితము చూచి, "ఏడేండ్లు ఎంతలో గడచును" అనిరి.

అప్పుడు లోపల మంచముమీదనుండి మా అత్తగారు పలికిరి. "నాయనా, ఏడేండ్లని నీవు లెక్క వేసితివి. ఆ ఏడేండ్లు నేను నీకు మాట ఇవ్వలేను. నా పేర అప్పు చేసి, నేను లేని బండికి వాయిదా కట్టుకొనుచు కూర్చుందురా?" అరుగు నిశ్శబ్దమయ్యెను. మా వారు లేచి పెరటిలోనికి పోయిరి. మాకును అంతవరకు ఆ కాగితములో 84 అను అంకె వాయిదాల సంఖ్యగనే కనబడినది. ఆ రాత్రి మా వారే వచ్చి, పాత బండియే చూతమనిరి.

పాత బండి యనగనే ఊరిలో పుట్టు మొదటి పుకారు, పదేండ్లు దాటిన డీజిలు బండిని పట్టుకొని పోవుదురని. ఇది ఢిల్లీ మాట. అక్కడి గాలి చెడిపోయిన కారణమున, 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆజ్ఞ ఇచ్చెను. 2018లో సుప్రీంకోర్టు దానిని నిలిపెను. ఆ మీదట దాని గూర్చి వాదములు జరుగుచునే వచ్చినవి. అది ఢిల్లీ, దాని చుట్టుపట్ల ప్రాంతమునకే గాని గోదావరి జిల్లాలకు కాదు. మనకు మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. ఆ తరువాత పరీక్ష చేయించి ఐదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలయును. దాని రుసుము కారునకు 600గ నుండినది 2022 ఏప్రిలు 1నుండి 5,000 అయినది. 20 ఏండ్లు దాటినవానికి 2025లో 10,000 చేసిరి. కాబట్టి 14 ఏండ్ల బండి చౌకగ వచ్చినదని సంబరపడరాదు. ఢిల్లీలో అమ్ముకొనలేక లారీలమీద దక్షిణమునకు వచ్చు బండ్ల విషయమున మరింత జాగ్రత్త. అక్కడి ఆఫీసునుండి 28వ నంబరు ఫారము, అనగ అభ్యంతరము లేదను పత్రము, రావలయును. ఇక్కడ మరల జీవితకాలపు పన్ను కట్టవలయును. హైదరాబాదు బండికిని అంతే. 2014 తరువాత అది పరాయి రాష్ట్రమని మరువరాదు.

బండి నంబరును సెల్ ఫోనులో ఎంపరివాహన్‌లో కొట్టిన ఎన్నవ యజమాని, ఏ స్టేజి, బీమా ఎప్పటిదాక, అప్పు తీరినదా లేదా అన్నియు కనబడును. మా పెద్దబ్బాయి ఎనిమిదవ తరగతివాడు దీనిని క్షణములో చేసి చూపెను. మా మరిది తెచ్చిన మొదటి బండి 2011 నాటిది. ధర రెండున్నర లక్షలు మాత్రమే. స్టేజి మూడు. స్టార్టు చేయగనే ఇంటి ముంగిలి అంతయు నల్లబడెను. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పరిశోధనశాఖ 2012లో తేల్చి చెప్పినది. అంత దూరము పోనక్కరలేదు. మా చిన్నదానికి ఆయాసపు దగ్గు, బండి నిలుచు చోటు దాని కిటికీ క్రింద. ఆ బండిని తిప్పి పంపితిమి. జల్లెడ లేని పాతదే కొనవలయునన్నను నాలుగవ స్టేజికి తక్కువది కొనరాదని అప్పుడే నిశ్చయించుకొంటిమి.

రెండవది విజయవాడ బండి. దీని కథ కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. ఎత్తైన ఏడుగురి బండి, 2018 నాటిది, తెల్లనిది, లోపల క్రొత్త సీటు ముసుగులు, కర్పూరపు బిళ్లల పరిమళము. అంగడి ధరకు లక్షా ఇరువది వేలు తక్కువ. "వదినా, ఇంత చౌకగ మరి దొరకదు. సాయంత్రములోగ బయానా ఇయ్యకున్న పోవును" అని మా మరిది తొందరపెట్టెను. అతడు మంచివాడే, అన్నగారికి సహాయము చేయవలయునను ఆత్రము. మా వారును తల ఊపిరి. మేము మాత్రము ముందు సీటు బెల్టును చివర దాక లాగి చూచితిమి. ఏల లాగితిమో సరిగా చెప్పలేము. చీర కొన్నప్పుడు మడత లోపలి కొస విప్పి చూచు అలవాటు కాబోలు. బెల్టు కొసన, ఎన్నడును బయటికి రాని భాగమున, అడ్డముగ ఒక బూడిదరంగు గీత. గోటితో గీకగ పొడి రాలినది. తలపిన్నుతో కాలిక్రింది తివాచీ అంచు ఎత్తితిమి. డిక్కీలో స్టెప్నీ చక్రము క్రింది గుంట చూచితిమి. అక్కడ ఆరి బీటలు వేసిన మెత్తని మన్ను. ఒండ్రు ఎరుగని కోనసీమ ఆడుబిడ్డ యుండునా! 2022 జూలై వరదలో ధవళేశ్వరము దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు మా లంకల ఇండ్లలో ఈ మన్నునే గదా పారలతో ఎత్తిపోసితిమి. ఇది గోదావరిది కాదు, బుడమేటిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగరము ప్రాంతము దినములతరబడి మునిగినప్పుడు వేలకొలది వాహనములు నీటిలో నిలిచినవి. మునిగిన బండ్లలో కొన్ని కడిగించుకొని, ముసుగులు తొడుగుకొని ఊళ్లమీద పడుచున్నవి.

మునిగిన బండికి వచ్చు తెగులు అప్పుడే కనబడదు. తీగల కూడళ్లలో లోలోపల చిలుము పట్టి, ఆరు నెలలకో యేడాదికో ఒక అర్ధరాత్రి దీపములారిపోవును, లేదా ఆపత్తులో తెరచుకొనవలసిన గాలిసంచి తెరచుకొనదు. డయాలిసిస్ అయిన మనిషిని వెనుక పడుకోబెట్టుకొని రాత్రి ఎనిమిదింటికి జొన్నాడ దగ్గర ఆగిపోయిన బండిని తలచుకొని మాకు ఒడలు జలదరించెను. అమ్మవచ్చినవాడు ఇది వానజల్లు మన్ననెను. వానజల్లు సీటుబెల్టు చుట్టలోనికి ఎట్లు పోయెనని అడిగితిమి. మా మరిది తల దించుకొనెను. అతనిని ఒక్క మాటయు అనలేదు. ఆ పూట అతనికి ఇష్టమైన పనసపొట్టు కూర చేసితిమి.

భారతము అరణ్యపర్వములో నలోపాఖ్యానము చదివినవారికి ఒక ఘట్టము జ్ఞప్తికి రావచ్చును. ఒక్క దినములో విదర్భకు పోవలెనని ఋతుపర్ణుడు తొందరపడుచుండగ, బాహుకుడు శాలలోని బలిసిన గుఱ్ఱములను విడిచి బక్కవానిని కట్టును. రాజునకు అనుమానము. బాహుకునకు గుఱ్ఱముల సుళ్లు తెలియును. ఆ కథలో ఋతుపర్ణుడు లెక్కలో దిట్ట, బాహుకుడు గుఱ్ఱములలో దిట్ట. ఇరువురును విద్యలు మార్చుకొందురు. మా ఇంట లెక్క మాకు వచ్చును గాని గుఱ్ఱముల సుళ్లు రావు. అందుకని మూడవ బండికి మాత్రము అమలాపురమునుండి ఒక ముసలి మెకానిక్కును 1,500 ఇచ్చి వెంట తీసికొనిపోతిమి. ఆరు లక్షల సొమ్ములో ఇంతకంటె బాగుగ ఖర్చైన సొమ్ము లేదు.

ఆయన చేసిన పనులు మేము కన్నులార చూచితిమి. ముందుగనే ఫోను చేసి, తాను వచ్చువరకు బండి స్టార్టు చేయవలదని చెప్పెను. కాగిన ఇంజను తన రోగము దాచుకొనునట. చల్లని ఇంజనుకు తాళము త్రిప్పి పొగ రంగు చూచెను. నల్లపొగ నూనె ఎక్కువగ చల్లుచున్నదని, నీలిపొగ ఇంజనునూనె కాలుచున్నదని, ఎడతెగని తెల్లపొగ చల్లార్చు నీరు లోనికి పోవుచున్నదని గుర్తు. పిమ్మట ఇంజను నడుచుచుండగనే నూనె పోయు మూత విప్పి అరచేయి పెట్టెను. అన్నపు గిన్నెమీది ఆవిరివలె గుప్పుగుప్పున కొట్టినచో లోపల అరిగినదని అర్థము. కిలోమీటర్ల అంకె వెనుకకు త్రిప్పుట సులభమట గనుక, ఆయన అంకె చూడక పెడలుమీది రబ్బరు చూచెను, సర్వీసు పుస్తకము చూచెను. క్రింద పండుకొని అడుగుభాగము తట్టి చూచెను. సముద్రతీరపు ఊళ్లలో తిరిగిన బండ్లకు, భీమవరము వైపు రొయ్యల చెరువుల పనికి ఉప్పునీటి ట్రేలు మోసిన బండ్లకు అడుగున తుప్పు తినివేయునని చెప్పెను.

మేము కొన్నది 2017 జూలైలో రిజిస్టరైన మారుతి ఎర్టిగా, స్టేజి నాలుగు, 81,000 కిలోమీటర్లు, ఒకే యజమాని. 5 లక్షల 80 వేలు. దాని ఇంజను ఫియట్‌వారి 1.3 మల్టీజెట్. ఒకప్పుడు స్విఫ్టులోను, డిజైరులోను, టాటా విస్టాలోను అదియే ఉండుటచేత దేశమంతట దాని మెకానిక్కులును, విడిభాగములును కలవు. మారుతివారు డీజిలు మానినను మాకు బెంగ లేకపోవుటకు కారణమిదియే. రిజిస్ట్రేషను 2032 వరకు చెల్లును. మరియొక కారణము కూడ కలదు, దానిని అరుగుమీద ఎవరును ఎత్తలేదు. బొలేరో వంటి ఎత్తు బండి ఎక్కవలెనన్న మా అత్తగారు కుచ్చిళ్లు ఎత్తిపట్టి మోకాలు గుండెదాక తేవలయును. ఇందులో కూర్చుండి కాళ్లు లోనికి త్రిప్పుకొన్న చాలును. బండి చూడ పోయినప్పుడు ఇంటిలోని ముసలివారిని తప్పక తీసికొనిపోయి రెండు మారులు ఎక్కించి దింపి చూడుడు.

అంతయు సుఖముగ జరిగినదనుకొనరాదు. రెండవ నెలలోనే క్లచ్చి జారసాగినది, 14,000 వదిలినవి. ముందు చక్రములు రెండు మార్చితిమి. కొన్న ధరలో పదియవ వంతు విడిగ కట్టి పెట్టుకొననివారు పాత బండి జోలికి పోరాదు. మేము పెట్టుకొన్న 60 వేలలో ఇప్పుడు 31 మిగిలినవి.

కాగితముల మాట క్లుప్తముగ చెప్పెదము. అమ్మువారును కొనువారును 29, 30 నంబరుల ఫారములపై వ్రాళ్లు చేయవలయును. అప్పుండి తీరినచో బ్యాంకువారి 35వ ఫారము కావలయును. బీమాను పదునాలుగు దినములలోగ మన పేరికి మార్పించుకొనవలయును. వరదనీటిలో నిలిచిన ఇంజనును మరల స్టార్టు చేసి పాడుచేసికొన్నచో మామూలు బీమా పనికిరాదు. ఇంజను రక్షణ అను అదనపు భాగము కట్టియుండవలయును. నీట నిలిచిన బండికి, ముఖ్యముగ డీజిలుకు, తాళము త్రిప్పనే రాదు. రిజిస్ట్రేషను ఎవరి పేర అన్న ప్రశ్న వచ్చినప్పుడు మా వారు ఏమియు ఆలోచింపక మా పేరు వ్రాసిరి. కాసులపేరు అమ్మిన సంగతి మరచిపోలేదు కాబోలు.

రాజమహేంద్రవరపు సోదరి పరిస్థితి వేరు. ఆమె భర్త ఉద్యోగమునకై దినమును కాకినాడ పోయివచ్చుచున్నారట, పదేండ్లయినను బండి మార్చరట, చేతిలో సగము డబ్బున్నదట. ఆమెకు క్రొత్త డీజిలే తగును. 2025 సెప్టెంబరు 22నుండి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,500 సీసీ లోపు డీజిలు ఇంజను గల కార్లకు జీఎస్టీ సెస్సుతో కలిపి 31 నుండి 18 శాతమునకు దిగినది. చిన్న డీజిలు బండ్లకు ఇది గొప్ప తగ్గింపు. అంతకు పెద్దవానికి 40 శాతము. ముమ్మిడివరపు సోదరి తమ పాత బండిని అమ్మి క్రొత్తది కొందునని వ్రాసిరి గాని పాతది ఏ సంవత్సరపుదో, ఏ స్టేజిదో వ్రాయలేదు. ఆ రెండును మరల వ్రాసినచో వచ్చు మాసమున జవాబిచ్చెదము.

ఇప్పుడు మంగళ శుక్రవారములలో తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరుచున్నాము. రావులపాలెము దాటి గౌతమి వంతెన ఎక్కగనే మా అత్తగారు కిటికీ అద్దము దింపింతురు. వంతెనమీద బండి ఆపరాదు గనుక మేము ఆపము. ఆమె పోవుచున్న బండినుండియే రూపాయి బిళ్ల గోదావరిలోనికి విసరి దండము పెట్టుదురు. సగము బిళ్లలు పిట్టగోడకు తగిలి రోడ్డుమీదనే పడుచున్నవి. ఆ సంగతి మేము ఆమెతో చెప్పలేదు.